పన్నెండు వేల బ్యాగులో ఏముంది?

"సార్, పన్నెండు వేల రూపాయల బ్యాగులో ఏముంటుంది?" అని మా పదో తరగతిలో ఒక అబ్బాయి అడిగాడు. "కొన్న రోజున ఏమీ ఉండదురా, ఖాళీ!" అన్నాడు పక్క బెంచీవాడు. అందరూ నవ్వారు. కాని ప్రశ్న మంచిదే. సంతలో ఎనిమిది వందలకు దొరికేదీ, కొండలెక్కేవారి కోసమని పెద్ద దుకాణంలో పన్నెండు వేలకు అమ్మేదీ, రెండూ గుడ్డతో కుట్టినవే కదా! మరి తేడా ఎక్కడుంది? మన భౌతికశాస్త్రం సాయంతోనే చూద్దాం.

10 కిలోల బ్యాగు తగిలించుకున్నారనుకోండి. భుజం మీద ఆనే పట్టీ వెడల్పు 5 సెం.మీ., పొడవు 10 సెం.మీ. అయితే రెండు పట్టీల వైశాల్యం 100 చదరపు సెం.మీ. అంటే ఒక్కో చదరపు సెంటీమీటరు మీద 100 గ్రాముల బరువు పడుతుంది. పట్టీ వెడల్పు సగమైతే అది 200 గ్రాములవుతుంది. బరువు మారలేదు, పీడనం రెట్టింపయింది. సన్నని పట్టీ భుజాన్ని కోస్తున్నట్టు ఉండేది ఇందుకే.

ఖరీదైన బ్యాగుకు వెడల్పాటి నడుము బెల్టు, వీపు వైపున అల్యూమినియం బద్దలు కూడా ఉంటాయి. ఇవి బరువులో ఎక్కువ భాగాన్ని భుజాల నుంచి తుంటి ఎముకల మీదికి దింపుతాయి. అమెరికాలో డిక్ కెల్టీ 1952లో ఇలాంటి అల్యూమినియం చట్రపు బ్యాగుల వ్యాపారం మొదలుపెట్టాడు. నడుం మీద బిందె పెట్టుకుని నీళ్ళు మోసిన మన అమ్మలకు తుంటి ఎముక సత్తా అంతకుముందే తెలుసు!

కాబట్టి పది పదిహేను కిలోలు మోస్తూ రోజుల తరబడి నడిచేవారికి ఆ డబ్బు దండగ కాదు. మరి మనకో? పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లాలో, నల్లమల లోయలో ఉన్న సలేశ్వరానికి చైత్ర పౌర్ణమి జాతరకు వెళ్ళేవారిని చూడండి. రాళ్ళ దారిన దిగి, మళ్ళీ ఎక్కుతారు. చేతిలో ఉండేది రెండు మూడు కిలోల సామాను. దానికి అల్యూమినియం బద్దలెందుకు? ఆ ఎండలో కావలసింది మరో సీసా నీళ్ళు.

గుడ్డ సంగతి కూడా చెప్పాలి. బ్యాగు మీద '420 డీనియర్' అని రాసి ఉంటే, 9,000 మీటర్ల దారం 420 గ్రాములు తూగుతుందని అర్థం. అంకె పెరిగితే దారం మందం పెరుగుతుంది, అంతే. అది నేత నాణ్యతను గాని, కుట్టు గట్టిదనాన్ని గాని చెప్పదు. పట్టీ బ్యాగుకు కలిసేచోట కుట్లు లెక్కపెట్టి చూడండి. బ్యాగు తెగేది సాధారణంగా అక్కడే. ఇక వాన మాటకొస్తే, లోపల మందపాటి పాలిథిన్ సంచి పెట్టి మూతి బిగిస్తే పుస్తకాలు తడవవు. దాని కోసం వేలు పోయనక్కర లేదు.

చలికోట్లదీ ఇదే కథ. మన గొర్రెలకాపరి గొంగడి, ఎవరెస్టు ఎక్కేవారి ఈకల కోటు పనిచేసే సూత్రం ఒకటే. రెండూ గాలిని పట్టి ఉంచుతాయి, గాలి అధమ ఉష్ణవాహకం. ఈకల కోటు బహు తేలిక. కొన్నవారు డబ్బిచ్చేది ఆ తేలికదనానికే. అయితే తడిస్తే ఈకలు ముద్దకట్టి గాలిని వదిలేస్తాయి. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుకుంటుంది.

బేరం పనికిరాని వస్తువు ఒకటుంది. అది తాడు. పాత నల్లగొండ జిల్లాలోని భువనగిరి గుట్ట మీద బండ ఎక్కడం నేర్చుకున్న గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్‌కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. అప్పటికి పూర్ణ వయసు 13 ఏళ్ళ 11 నెలలు. బండ ఎక్కేవారు వాడే నైలాన్ తాడు సాగుతుంది. జారిపడ్డ మనిషిని మామూలు తాడు ఒక్క కుదుపుతో ఆపితే, ఇది కాస్త సమయం తీసుకుని ఆపుతుంది. క్రికెట్ బంతిని పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాగుతారే, అలాగన్నమాట. ఆగే సమయం పెరిగితే తగిలే బలం తగ్గుతుంది. యూరప్ ప్రమాణం ప్రకారం ఒంటి తాడుకు 80 కిలోల బరువు కట్టి పడవేస్తారు. మొదటిసారి పడినప్పుడు బలం 12 కిలో న్యూటన్లు దాటకూడదు. అలా కనీసం 5 సార్లు పడినా తాడు తెగకూడదు. తాడు ధరలో ఈ పరీక్ష ఖర్చూ ఉంది.

తాళ్ళెక్కే గీత కార్మికులకు తెలంగాణ ప్రభుత్వం 2024లో 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో రక్షణ సామగ్రి ఇవ్వడం మొదలుపెట్టింది. అక్కడా లెక్క ఇదే. బ్యాగు పట్టీ తెగితే చేత్తో పట్టుకుని ఇంటికి రావచ్చు. చెట్టు మీద నడుముకు కట్టిన పట్టీ తెగితే రాలేం. మీలో ఎవరైనా భువనగిరిలో బండ ఎక్కడం నేర్చుకోబోతే, మీ బ్యాగు ఎనిమిది వందలదే కానివ్వండి. తాడు మాత్రం సగం ధరకు వస్తుందని ఎవరో వాడినది కొనకండి. అది ఎన్నిసార్లు మనుషుల్ని ఆపిందో పైకి చూస్తే తెలియదు.