చిల్లర డబ్బీలో జంట అక్షరాలు

దేవుని గూటిలోనో, పాత ట్రంకుపెట్టె అడుగునో ఒక చిల్లర డబ్బీ లేని ఇల్లు మనవాళ్ళలో అరుదు. గురుబరపల్లిలో మా ఇంట కూడా ఒకటున్నది. మా నాయన నాటి చిల్లుకానీలు, బేడలు, 1957లో వచ్చిన నయాపైసలు, ఆరు మూలల మూడు పైసలు, నాలుగు పలకల ఐదు పైసలు అందులో కలగాపులగంగా పడివున్నవి. ఇవి ఇప్పుడు ఏ అంగడిలోనూ చెల్లవు. పావలా, అంతకు తక్కువ నాణెములు కూడా 2011 జూన్ 30తో చెలామణీ నుంచి తొలగిపోయినవి గదా! అయినా పారవేయటానికి మనసొప్పదు.

సెలవులకు వచ్చిన మా మనుమడు ఒకనాడు ఆ డబ్బీ కుమ్మరించి, ఐదు పైసల బిళ్ళ ఒకటి పట్టుకొని పరుగున వచ్చినాడు.

"తాతా, దీనిమీద అంకెలు రెండేసి కనబడుతున్నాయి. ఇట్లాంటివి లక్షలు పలుకుతాయట!"

సాయంత్రానికల్లా వాడు ఎవరితోనో ఫోనులో మాట్లాడినాడు. ఆ పెద్దమనిషి బిళ్ళను చూడకుండానే మూడు లక్షలు ఖాయమన్నాడు. ముందుగా రిజిస్ట్రేషను ఖర్చు కింద మూడు వేలు పంపమన్నాడు. మామిడికాయల అమ్మకంలో దాచుకొన్న డబ్బు తీయటానికి మా ఇంటావిడ లేవనే లేచింది. "తెల్లవారనీవే, మూడు లక్షలు ఎక్కడికీ పోవు" అన్నాను. ఆ రాత్రి భూతద్దంతో చూచినదీ, దానిని గురించి చదివి తెలుసుకొన్నదీ నాలుగు మాటలలో ఇక్కడ మనవి చేస్తాను.

టంకశాలలో బొమ్మ ఉబ్బెత్తుగా ఉండే మూలపు అచ్చు ఒకటి ఉంటుంది. దానిని ఉక్కుదిమ్మలో ఒత్తితే బొమ్మ పల్లంగా దిగుతుంది. ఇదే నాణెములు కొట్టే అచ్చు, అనగా 'డై'. ఇటువంటి రెండు అచ్చుల నడుమ బిళ్ళను పెట్టి కొడితే బొమ్మా బొరుసూ పడుతాయి. ఉక్కు గట్టిది గనుక, పూర్వం ఒక్క ఒత్తుడుతో బొమ్మ పూర్తిగా దిగేది కాదు. ఒకసారి ఒత్తి, దిమ్మను కాల్చి మెత్తబరచి, మరల ఒత్తేవారు. రెండవసారి వెంట్రుకవాసి జరిగిందా, అచ్చులోనే అక్షరాలు జంటలైపోతాయి. ఆ అచ్చునుంచి పుట్టిన ప్రతి నాణెము మీదా అదే చోట, అదే తీరున ఆ జంట కనబడుతుంది. దీనినే 'డబుల్డ్ డై' అంటారు.

వీటిలో ప్రసిద్ధమైనది 1955లో అమెరికాలోని ఫిలడెల్ఫియా టంకశాలలో పుట్టిన లింకను బొమ్మ సెంటు. దానిమీది సంవత్సరమూ అక్షరాలూ భూతద్దం లేకుండానే రెండుగా కనిపిస్తాయి. ఇరవై వేలకు పైగా నాణెములు జనంలోకి పోయినవని అంచనా. ఆ దినాలలో అక్కడ సిగరెట్లు అమ్మే యంత్రాలలో పావు డాలరు వేస్తే, తిరిగి రావలసిన సెంట్లు పెట్టెతోబాటే వచ్చేవి. అట్లా ఆ సెంట్లు చాలా మంది చేతికి చేరినవి. ఈనాడు వాటికి మంచి ధర ఉన్నది.

అయితే రెండుగా కనబడినదల్లా ఈ జాతిది కాదు. నాణెము కొట్టే క్షణాన అచ్చు వదులై అదిరితే, అప్పుడే లేచిన అక్షరము అంచు నలిగి, అరుగుమెట్టులాగా చదునుగా, పల్లంగా ఒక చాళ్ళు ఏర్పడుతుంది. ఇది సర్వసాధారణము, దీనికి విలువ లేదు. అరిగిపోయిన అచ్చుతో కొట్టినా అక్షరాలు ఉబ్బి మసకగా కనిపిస్తాయి. అదీ అంతే.

తేడా కనిపెట్టటము కష్టం కాదు. పదింతలుగా చూపే భూతద్దం తీసుకొని, వెలుతురు పక్కనుంచి పడేటట్లు పెట్టి, నాణెమును మెల్లగా తిప్పుతూ చూడండి. నిజమైన జంట అయితే రెండు రూపులూ గుండ్రంగా ఎత్తుగా ఉంటాయి, అక్షరము లావెక్కుతుంది, కొసలు చీలి నొక్కులు పడినట్లుంటాయి. అదురు వల్ల వచ్చినదైతే అక్షరము సన్నబడుతుంది. తరువాత అదే సంవత్సరము, అదే టంకశాల గుర్తు గల మరొక నాణెమును వెదకండి. సంవత్సరము కింద నక్షత్రముంటే హైదరాబాదు, వజ్రాకారముంటే బొంబాయి, చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కలకత్తా. సరిగ్గా అవే జంట గీతలు రెండవదానిమీదా కనిపిస్తే అది గట్టి సాక్ష్యము. కనిపించకపోతే మాత్రం నిరాశ పడనక్కరలేదు. ఒకే ఏట ఎన్నో అచ్చులు వాడుతారు.

మా ఐదు పైసల బిళ్ళమీద ఉన్నది వట్టి మెట్టు. అంకె లావెక్కలేదు సరిగదా, ఒక వైపున నలిగి ఉన్నది. మూడు వేలు ఇంట్లోనే నిలిచినవి. పాత నాణెముల అమ్మకానికని తన పేరు చెప్పి రుసుము, కమీషను అడిగేవారిని నమ్మవద్దని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. మీ ఇంట నిజమైనదే దొరికితే, తెలిసినవారికి చేతికిచ్చి చూపండి. ముందు డబ్బు అడిగినవారికి దణ్ణం పెట్టండి. మెరుస్తుందని చింతపండుతో మాత్రం తోమవద్దు. తోమిన నాణెమును కొనేవారు వేలుపెట్టి ముట్టరు.

మనుమడి ముఖము కాసేపు చిన్నబోయింది. తరువాత చిల్లుకానీ ఒకటి వేలికి తొడుక్కొని, "దీనికి అంగట్లో ఏమి వచ్చేది తాతా?" అన్నాడు. చెప్పటము మొదలుపెట్టినాను. డబ్బీ మూత మళ్ళీ పెట్టేసరికి రాత్రి పదయింది.