ఆ పాట తుఫానులో పుట్టలేదు

పోయినేడు క్రిస్మస్‌కి మా హాస్టల్లో పాటల ప్రాక్టీస్ జరుగుతుంటే, నేను వెనక బెంచీ మీద కూర్చుని పెద్ద తెలిసినవాడిలా ఓ కథ చెప్పా. "జాన్ న్యూటన్ అని బానిసల్ని అమ్మే ఓడ కెప్టెన్. తుఫాను వచ్చింది, దేవుణ్ణి తలుచుకున్నాడు, బానిసల్ని వదిలేశాడు, అమేజింగ్ గ్రేస్ రాశాడు." అందరూ ఊఁ కొట్టారు. ఒక జూనియర్ మాత్రం "అన్నా, వదిలేస్తే వాళ్ళు ఎక్కడికెళ్ళారు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి చదవడం మొదలుపెడితే నేను చెప్పిన కథలో సగం తప్పని తేలింది.

తుఫాను నిజమే. 1748 మార్చిలో, అట్లాంటిక్ మీద. ఆ ఓడ పేరు గ్రేహౌండ్. అందులో బానిసలు లేరు. ఏనుగు దంతాలు, తేనెమైనం, కలప లాంటి సరుకు ఉంది. న్యూటన్‌కి అప్పటికి 22 ఏళ్ళు, ఇంకా కెప్టెన్ కూడా కాదు. భయపడ్డాడు, ప్రార్థించాడు, బతికాడు. అసలు మనం దాటేసేది ఆ తర్వాతి భాగం. 1750 నుంచి 1754 దాకా అతనే కెప్టెన్‌గా మూడుసార్లు బానిసల ఓడ నడిపాడు. డెక్ మీద ఆదివారం ప్రార్థన పెట్టించేవాడు. కింద గొలుసుల్లో మనుషులు. ఆ రెంటికీ పొసగదని అతనికి అప్పట్లో తట్టలేదు. ఉద్యోగం మానేసింది కూడా పశ్చాత్తాపంతో కాదు, ఆరోగ్యం దెబ్బతిని.

1764లో ఓల్నీ అనే ఊళ్ళో చర్చి గురువయ్యాడు. లేసు అల్లుకుని బతికే పేదల ఊరు అది. వాళ్ళకి అర్థమయ్యేలా ప్రసంగానికి తగ్గ పాటలు రాసేవాడు. ఈ పాట 1773 జనవరి 1న చేసిన ప్రసంగం కోసం రాసిందని చెబుతారు. అంటే తుఫానుకీ పాటకీ మధ్య దాదాపు 25 ఏళ్ళు! ఊళ్ళోనే ఉండే కవి విలియం కూపర్ కూడా అతనితో కలిసి పాటలు రాశాడు. కానీ సరిగ్గా ఆ జనవరిలోనే కూపర్ తీవ్రమైన మానసిక వ్యాధిలో పడిపోయాడు. ఇద్దరి పాటలూ కలిపి 1779లో పుస్తకంగా వస్తే, ఎక్కువ భాగం న్యూటన్‌వే.

మన బ్రాంచ్ వాళ్ళకి నచ్చే విషయం ఒకటుంది. ఆ పుస్తకంలో మాటలే ఉన్నాయి, స్వరాలు లేవు. అప్పట్లో పాట వేరు, ట్యూన్ వేరు. ఈ పాట కొలత 8-6-8-6, అంటే పాదానికి ఇన్ని అక్షరాలని లెక్క. అదే కొలతకి సరిపోయే ట్యూన్ ఏదైనా దీనికి తగిలించొచ్చు. ఛార్జర్ పిన్ ఒకటైతే ఏ కంపెనీ ఫోనైనా ఛార్జ్ అయినట్టు. మనకిది కొత్తేం కాదు, వేమన ఆటవెలదిని ఎవరికి నచ్చిన రాగంలో వాళ్ళు పాడట్లేదూ? ఇవాళ అందరూ పాడే ట్యూన్ 1835లో అమెరికాలో విలియం వాకర్ అచ్చువేసిన పుస్తకంలో ఈ మాటలతో జతపడింది. న్యూటన్ 1807లోనే పోయాడు. కాబట్టి ఈ జతని అతను ఎన్నడూ వినలేదు.

మన పురుషోత్తమ చౌదరి (1803–1890) దారి వేరు. తెలుగులో క్రైస్తవ కీర్తనలు కట్టినవాడాయన. పల్లవి, చరణాలు, రాగం, తాళం అన్నీ మన కీర్తన పద్ధతిలోనే. "ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు" పుస్తకం తెరిస్తే పాట నెత్తిన రాగం పేరు కనబడుతుంది. మా అమ్మమ్మకి నొటేషన్ తెలీదు గానీ, ఆ పేరు చూసి సరిగ్గా ఎత్తుకునేది.

మళ్ళీ జూనియర్ ప్రశ్నకి వద్దాం. న్యూటన్ బానిస వ్యాపారం మీద నోరు విప్పింది 1788లో. ఓడ దిగిన 34 ఏళ్ళకి, పాట రాసిన 15 ఏళ్ళకి. తను కళ్ళారా చూసింది, స్వయంగా చేసింది ఒక చిన్న పుస్తకంలో రాశాడు. ఈ ఒప్పుకోలు చాలా ఆలస్యమైందని కూడా అందులోనే రాసుకున్నాడు. తర్వాత పార్లమెంటు ముందు సాక్ష్యం చెప్పాడు. బ్రిటన్‌లో ఆ వ్యాపారాన్ని నిషేధించే చట్టం 1807 మార్చిలో వచ్చింది. డిసెంబరులో అతను కన్నుమూశాడు. ఇంత నత్తనడక కథని మనం ఒక్క తుఫాను రాత్రిలో ఎందుకు ముగించేస్తామో నాకు కొంచెం అర్థమైంది. మనకీ అలా ఒక్క రాత్రిలో మారిపోవాలని ఉంటుంది, సెమిస్టర్ ముందు మరీనూ.

ఇంకో సంగతి. చివర్లో పదివేల ఏళ్ళ మాట వచ్చే చరణం న్యూటన్ రాసింది కాదు. అది అమెరికాలో నల్లవాళ్ళ నోళ్ళలో నానుతూ వచ్చింది. 1852లో వచ్చిన "అంకుల్ టామ్స్ క్యాబిన్" నవలలో ఈ పాటతో కలిపి దాన్ని పాడేది టామ్. అతనొక బానిస.

ఈసారి ప్రాక్టీస్‌లో ఈ మొత్తం చెప్పా. జూనియర్ విని, "అయితే ఆ చరణం మేం పాడతాం, మీరు గిటార్ ఆపండన్నా" అన్నాడు.