మేడ మీద గదికి వైఫై రావట్లేదా? అటక మీది పాత రూటర్ దించండి

నెట్ స్లో అయితే మనం మొదట కంపెనీని తిడతాం, తర్వాత ప్లాన్ పెంచుతాం. ఆ రెండూ చేసేముందు ఒక చిన్న టెస్ట్ చేయండి. రూటర్ పక్కన నిలబడి ఫోన్‌లో స్పీడ్ చూడండి. తర్వాత మీరు రోజూ కూర్చునే చోటికెళ్లి మళ్లీ చూడండి. అక్కడ 90 వచ్చి ఇక్కడ 6 వస్తే తప్పు ప్లాన్‌ది కాదు, గోడలది.

అనకాపల్లి జిల్లాలో మా రోలుగుంట వైపు ఇళ్లు చూస్తే ఈ గొడవ ఎందుకొస్తుందో తెలుస్తుంది. ఫైబర్ వైరు వీధి స్తంభం మీంచి వచ్చి ముందు గదిలో టీవీ దగ్గర ఆగుతుంది. 2017 డిసెంబరులో ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్ టీవీ, నెట్, ఫోన్ మూడూ కలిపి నెలకు 149 రూపాయల నుంచి ఇచ్చింది. కాబట్టి పెట్టె టీవీ పక్కన చేరడం సహజమే. కానీ నెట్‌తో అసలు పనున్నవాళ్లు మేడ మీద గదిలో ఉంటారు. వర్క్ ఫ్రమ్ హోమ్ చేసే అన్నయ్య, ఆన్‌లైన్ కోచింగ్ వినే చెల్లి. మధ్యలో ఇనప చువ్వలున్న స్లాబు. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ దాన్ని దాటలేక చస్తుంది. 2.4 వస్తుంది గానీ నీరసంగా. ఇంటర్వ్యూలో మన మొహం బొమ్మలా ఆగిపోతే, అవతలివాళ్లకి మన స్లాబు సంగతి తెలీదు కదా!

షాపులో అడిగితే రిపీటర్ చూపిస్తారు. నాకైతే నచ్చదు. చవక రిపీటర్ ఒకే రేడియోతో అటు వినాలి, ఇటు చెప్పాలి. స్పీడ్ దాదాపు సగమవుతుంది. దానికంటే పాత రూటర్‌ని ఒక లాన్ కేబుల్‌తో కింది రూటర్‌కి కలిపి, యాక్సెస్ పాయింట్‌గా మార్చడం మేలు. క్యాట్ 5ఈ కేబుల్ 100 మీటర్ల దాకా గిగాబిట్ వేగం మోస్తుంది. పాత రూటర్ పోర్టు 100 ఎంబీపీఎస్‌దే అయినా మామూలు ప్లాన్‌కి చాలు.

పాత రూటర్‌ని రీసెట్ చేసి, వెనక స్టిక్కర్ మీదున్న అడ్రస్‌ని బ్రౌజర్‌లో కొట్టండి. సెట్టింగుల్లో యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటే అదృష్టం, అది నొక్కితే పని చాలావరకు అయిపోయినట్టే. లేకపోతే ముందు వైఫై పేరు, పాస్‌వర్డ్ కింది రూటర్‌వే పెట్టండి. తర్వాత లాన్ ఐపీ మార్చాలి. కింది రూటర్ 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వండి. కింది రూటర్ ఫోన్లకు పంచే నంబర్లలో అది ఉండకూడదు. మళ్లీ లాగిన్ అయి, చివరగా డీహెచ్‌సీపీ ఆపేయండి.

ఈ డీహెచ్‌సీపీ దగ్గరే చాలామంది బోల్తా పడతారు. ఇంట్లో ప్రతి ఫోన్‌కీ డోర్ నంబర్ ఇచ్చేది అదే. నంబర్లిచ్చేవాళ్లు ఇద్దరైతే ఒక ఫోన్‌కి నెట్ వస్తుంది, ఇంకోదానికి "కనెక్టెడ్" అని చూపిస్తూనే ఏమీ రాదు. ఆపేశాక పాత రూటర్ పేజీ తెరుచుకోకపోతే కంగారొద్దు. కేబుల్ తగిలించాక కొత్త అడ్రస్‌తో తెరుచుకుంటుంది.

కేబుల్ రెండు కొసలూ లాన్ పోర్టుల్లోనే పెట్టాలి. పై రూటర్ వాన్ పోర్టులో పెడితే కింది టీవీ, ప్రింటర్ పై ఫోన్లకు కనబడకపోవచ్చు. 2.4లో ఒకదానికి చానల్ 1, ఇంకోదానికి 6 లేదా 11 ఇస్తే రెండూ కొట్టుకోవు.

కేబుల్ మెట్ల మీదుగా లోపల్నుంచే లాగండి. బయటి గోడ మీద, అందులోనూ పక్కింటికి, రాగి వైరు లాగొద్దు. వేసవి పిడుగులకి రెండు రూటర్లూ పోతాయి. ఇక కరెంటు పోతే కింద ఒక్కదానికే యూపీఎస్ ఉంటే పైవాళ్లకి లాభం లేదు, రెండిటికీ ఉండాలి. కొనేముందు అడాప్టర్ మీద 9 వోల్టులో 12 వోల్టులో చూసుకోండి.