కిలో మురుకులు ఎంతకి అమ్మాలి?

మలేషియాలోని పేరాక్ రాష్ట్రం దక్షిణపు కొసన, 2017లో కొత్త జిల్లాగా ఏర్పడిన బగాన్ దాతోక్‌లో ఉంది హుటాన్ మెలింటాంగ్. చుట్టూ ఆయిల్ పామ్, కొబ్బరి తోటలు. ఆంధ్ర ఉత్తర కోస్తా నుంచి తోటపనికి వచ్చిన తెలుగువాళ్ల మనవలు, మునిమనవలు ఈ ప్రాంతంలో ఇప్పటికీ ఉన్నారు. తోటపని తగ్గాక ఇంటి ఆడవాళ్లకి ముందు తోచే వ్యాపారం వంటే. మురుకులు, లడ్డూలు, పచ్చళ్లు. చేతి నేర్పు ఉంటుంది, పేరూ వస్తుంది, దీపావళికి ఆర్డర్లకి లోటుండదు. అయినా రెండేళ్లు తిరిగేసరికి చాలా పొయ్యిలు ఆరిపోతాయి. రుచి చెడి కాదు, చేసిన మనిషి కూలి ధరలో లేక.

మురుకుల లెక్కే వేసి చూద్దాం. కింది ఖర్చులు ఉదాహరణకి అనుకున్నవి. వాటి చోట మీ వంటింటి అంకెలు పెట్టుకోండి. కిలో మురుకులకి బియ్యప్పిండి, మినప్పిండి, కొబ్బరిపాలు, నూనె కలిపి 9 రింగిట్లు, కవరూ లేబులూ 1.50, గ్యాసు 50 సెన్‌లు. మొత్తం 11. ఇంటి దగ్గర, సంతలో 22కి అమ్ముతారు. దుకాణానికి వేస్తే 17. అంటే నేరుగా అమ్మిన కిలోకి 11 మిగులు, దుకాణానికి వేసిన కిలోకి 6.

ఇక అమ్మినా అమ్మకపోయినా తప్పని నెల ఖర్చు. పెట్రోలు, కరెంటు, గిన్నెల అరుగుదల, లైసెన్సులకి 600 అనుకుందాం. దీని మీద మీ జీతం పడాలి. ఎంత? మలేషియాలో కనీస వేతనం 2025 ఫిబ్రవరి 1 నుంచి నెలకి 1,700 రింగిట్లు. ఐదుగురి కన్నా తక్కువమంది పనిచేసే చోట్లకి అదే ఏడాది ఆగస్టు 1 నుంచి వర్తించింది. సొంత వ్యాపారికి ఆ చట్టం జీతం ఇప్పించదు. కానీ బయట పనికి వెళ్తే వచ్చేదాన్ని ఇంట్లో పొయ్యి దగ్గర నిలబడి వదులుకుంటుంటే, అది ఖర్చు కాక మరేమిటి?

1,700కి 600 కలిపితే 2,300. నేరుగా అమ్మేవాళ్లు 11తో భాగిస్తే నెలకి 209 కిలోలు. 26 పనిరోజులకి రోజుకి 8 కిలోలు. కష్టమే అయినా ఒక్క మనిషి చేయగలదు. అదే సరుకంతా దుకాణాలకి వేస్తే 6తో భాగించాలి: 383 కిలోలు, రోజుకి దాదాపు 15. ఒక్కరి వల్ల కాదు.

దీపావళి గిరాకీ గట్టెక్కిస్తుందనే ధీమా చాలామందిలో చూస్తాను. పదకొండు నెలలు 150 కిలోల చొప్పున, దీపావళి నెలలో 600 కిలోలు అమ్మారనుకుందాం. ఏడాదికి 2,250 కిలోలు. కావలసింది 2,509. తేడా 259 కిలోలు, అంటే 2,850 రింగిట్లు. అదంతా మీ జీతంలోంచే పోతుంది. పైగా ఆ 600 కిలోలు అక్కచెల్లెళ్లు, కోడళ్లు వచ్చి చెయ్యి వేస్తేనే అయ్యాయి, వాళ్లకి కూలి కట్టలేదు. కడితే పండగ లాభం ఇంకా పలచబడుతుంది.

నూనె సంగతి వేరే చెప్పాలి. కంటి ముందే ఆయిల్ పామ్ తోటలున్నా ధర మన చేతిలో ఉండదు. 2022లో ముడి పామాయిల్ టన్ను 7,000 రింగిట్లు దాటింది. సర్కారు సబ్సిడీ ఇచ్చే కిలో ప్యాకెట్ 2.50కి దొరుకుతుంది. సీసా నూనె అంతకి రెండింతల పైమాటే. ప్యాకెట్ ధరకి లెక్క కట్టుకున్న వ్యాపారం, అది సరిపడా దొరకని వారం నుంచే నష్టంలో పడుతుంది. అందుకే పై 9 రింగిట్లలో నూనెని సీసా ధరకే కట్టాను. 14 కిలోల గ్యాస్ బండ సబ్సిడీ ధర 26.60కీ ఇదే మాట. మాడిన నూనె పారబోతతో సహా కిలో మురుకులకి 350 గ్రాముల నూనె పడుతుందనుకుంటే, నూనె కిలోకి 2 రింగిట్లు పెరిగితే ఖర్చు 70 సెన్‌లు పెరుగుతుంది. నేరుగా అమ్మేవాళ్లు ఆ లోటు పూడ్చాలంటే నెలకి 14 కిలోలు ఎక్కువ అమ్మాలి. దుకాణాలకి వేసేవాళ్లు 51 కిలోలు ఎక్కువ వేయాలి. సెన్‌లు అవే, మిగులు సన్నగా ఉన్నవాళ్లకే దెబ్బ పెద్దది.

కాగితాల ఖర్చు నిజానికి పెద్దది కాదు. వ్యాపారం మొదలైన 30 రోజుల్లో కంపెనీల కమిషన్ దగ్గర నమోదు చేయించాలి: సొంత పేరుతో ఏడాదికి 30, వ్యాపారానికి వేరే పేరు పెడితే 60. వండేవాళ్లకి శిక్షణ, టైఫాయిడ్ టీకా తప్పనిసరి. సొంతంగా పనిచేసేవాళ్లకి సామాజిక భద్రతా సంస్థ ప్రమాద రక్షణ కూడా ఉంది; నెలకి 1,550 ఆదాయం లెక్కన తీసుకునే రెండో ప్లాను ఏడాదికి 232.80. కాగే నూనె పక్కన రోజంతా గడిపే మనిషి ఇది మానుకోవడం నాకైతే అర్థం కాదు.

అసలు చిక్కు పెద్ద దుకాణం ఆర్డరుతో వస్తుంది. రోజుకి 15 కిలోలు కావాలంటే తోడు మనిషిని పెట్టాలి. ఆమెకి 1,700 జీతం, దాని మీద యజమాని వాటాగా భవిష్యనిధికి 13 శాతం, సామాజిక భద్రతకి, ఉద్యోగ బీమాకి కలిపి ఇంకో రెండు శాతం లోపు. 1,950 దాటుతుంది. నెల ఖర్చు 2,300 కాస్తా 4,250 అయింది. 17 ధర మీద 6 మిగులుతో ఇది తీరాలంటే 708 కిలోలు, రోజుకి 27. పదిహేను కిలోల కోసం పెట్టుకున్న మనిషి వల్ల ఇరవై ఏడు కిలోలు చేయాల్సి వచ్చింది! ఇద్దరూ కలిసి 27 చేయలేరు, కాబట్టి మూడో మనిషి. ఆర్డర్లు పెరిగే కొద్దీ చేతిలో డబ్బు తగ్గడం ఇలాగే జరుగుతుంది.

లెక్క తిరగేసి వేయాలి. ఇద్దరు నిజంగా చేయగలిగేది రోజుకి 20 కిలోలైతే నెలకి 520. 4,250ని 520తో భాగిస్తే 8.17. దానికి 11 కలిపితే 19.17. దుకాణానికి 19.20 కన్నా తక్కువకి వేయకూడదు. వాళ్లు ఒప్పుకోకపోతే ఆ ఆర్డరు వదిలేసి సంతలో 8 కిలోలు అమ్ముకోవడమే మేలు.

ఒప్పుకున్నా ఇంకో మెలిక ఉంది. దుకాణాలు డబ్బు నెల తర్వాత ఇస్తామంటాయి. అంటే 520 కిలోల సరుకు ఖర్చు 5,720, నెల ఖర్చు 4,250, కలిపి దాదాపు పదివేలు ముందు మీరే పెట్టాలి. చిన్న వ్యాపారాలకి అప్పులిచ్చే సర్కారీ సంస్థలు లేకపోలేదు: పేద కుటుంబాలకి చిన్న అప్పులిస్తూ 1987 నుంచి నడుస్తున్న అమానా ఇఖ్తియార్, భారతీయ సంతతి వ్యాపారులకి ప్రత్యేక పథకం ఉన్న తెకున్. పదివేలు 4 శాతం స్థిర వడ్డీకి ఐదేళ్లకి తీసుకున్నారనుకుందాం. తీర్చేది 12,000, నెలకి 200. యంత్రం కొన్నదేమీ లేదు, దుకాణానికి అరువివ్వడానికే ఈ అప్పు. ఆ 200ని 520 కిలోల మీద పంచితే కిలోకి 38 సెన్‌లు. రొక్కమిచ్చే దుకాణానికి చెప్పే ధర 19.20, నెల అరువడిగే దుకాణానికి 19.60.