అద్దం మీద కొవ్వు పొర

నాన్నగారి లిపిడ్ ప్రొఫైల్ రిపోర్టు ఇండియా నుంచి వాట్సాప్‌లో వచ్చిందంటే మన కాపెల్ ఇళ్ళలో ఆ రోజంతా అదే చర్చ. లిపిడ్ అంటే మనకి విలన్! కానీ మీ ఒంట్లో ప్రతి కణానికీ గోడ కట్టింది ఆ కొవ్వేనండీ. రెండు వరుసల కొవ్వు అణువుల పొర. మందం 4, 5 నానోమీటర్లు, అంతే.

అంత పల్చటి పొరని బతికున్న కణంలో పరీక్షించడం కష్టం. అందుకే సైంటిస్టులు దాన్ని గాజు మీద పరుస్తారు. ఎలాగంటారా? గుడ్డు సొనలో ఉండే లెసిథిన్ లాంటి కొవ్వుని నీళ్ళలో కలిపితే, నీళ్ళంటే పడని తన తోకల్ని లోపలికి దాచుకుని బుడగలుగా చుట్టుకుంటుంది. వీటినే వెసికిల్స్ అంటారు. లోపలా నీళ్ళే, బయటా నీళ్ళే. చిన్న చిన్న వెసికిల్స్ ఉన్న నీళ్ళని శుభ్రమైన గాజు మీద పోస్తే, ఒక్కొక్కటే వచ్చి అంటుకుని కాస్త చప్పబడతాయి. సాధారణంగా వెంటనే పగలవు. ఒకదాన్నొకటి ఒరుసుకునేంతగా నిండాక పగిలి పరుచుకుంటాయి. పగిలిన అంచు దగ్గర తోకలు నీళ్ళకి బయటపడతాయి కదా, అది వాటికి గిట్టదు. పక్కనున్న బుడగనీ పగలగొట్టి కలుపుకుంటాయి. చివరికి అంతా ఒకే పొర! గాజుకీ పొరకీ మధ్య సన్నటి నీటి తడి మిగులుతుంది, అందుకే అణువులు అటూ ఇటూ జారుతూనే ఉంటాయి.

అభ్రకం మీదైతే బుడగలు త్వరగా పగులుతాయి. బంగారం మీద చాలాసార్లు పగలకుండా అలాగే కూర్చుంటాయి. గాజుకి జిడ్డుంటే పొర అతుకులు అతుకులుగా వస్తుంది. దోశ పెనం సంగతి మీకు నేను చెప్పాలా?

1984లో స్టాన్‌ఫర్డ్‌లో బ్రయన్, మెక్‌కానెల్ ఇలాంటి పొరలో ఎలుక కణాల గుర్తింపు ప్రోటీన్ని అమర్చారు. అక్కడ అసలు కణమే లేదు, ఉత్త గాజూ కొవ్వూ. అయినా వేరే ఎలుకల టీ కణాలు అది పరాయిదని పసిగట్టి స్పందించాయి. అవయవ మార్పిడిలో ఒళ్ళు కొత్త కిడ్నీని తిప్పికొట్టే గొడవ మొదలయ్యేది ఈ గుర్తింపుతోనే.

ఇక కొలెస్ట్రాల్. సెరటోనిన్‌ని అందుకునే ఒక రిసెప్టర్ సరిగ్గా పనిచేయాలంటే పొరలో కొలెస్ట్రాల్ ఉండాలని హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధనలు చూపించాయి. ఇది చదివి మామగారు మాత్ర మానేస్తానంటారేమో, ఆగమనండి! పొరలో ఉన్నది వేరు, రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్ వేరు. ఆ ఎల్‌డీఎల్‌ని పట్టుకునే రిసెప్టర్ కూడా కణం పొర మీదే ఉంటుంది. దాన్ని కనిపెట్టింది మన పక్కనే డాలస్‌లో, యూటీ సౌత్‌వెస్టర్న్‌లో బ్రౌన్, గోల్డ్‌స్టీన్. 1985లో నోబెల్ వచ్చింది. స్టాటిన్ మాత్ర వేసుకుంటే కాలేయ కణాలు ఆ రిసెప్టర్లనే ఇంకా ఎక్కువ పెట్టుకుని, రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ని లాగేసుకుంటాయి.