కూలి ఆగిన నెలలకు ఆసరా: గర్భిణులైన వ్యవసాయ కూలీలకు ఆర్థిక సహాయం

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి మైదానాలలో పత్తి తీతలు, మిరప కోతలు అధికభాగం స్త్రీల శ్రమపైననే సాగుతున్నవి. దసరా దాటిన పిమ్మట పత్తి తీతలు, సంక్రాంతి వెళ్లిన నాటినుండి వేసవి వరకు మిరప కోతలు, ఆపైన కళ్లాలలో కాయల ఏరివేత, శీతల గిడ్డంగుల వద్ద తొడిమలు తీసే పని. ఇది నెల జీతము గల ఉద్యోగము కాదు. పని ఉన్న రోజున కూలి, లేని రోజున లేదు. ఈ కోతల కాలములోనే నెలలు నిండుతున్న స్త్రీ పనికి వెళ్లకుంటే ఇల్లు గడవదు, వెళితే ఆరోగ్యము నిలువదు. ఈ సంకట పరిస్థితిలో ఆమెకు లభించగల ఆర్థిక సహాయమును, దానిని పొందు విధానమును వివరించుట ఈ వ్యాసము ఉద్దేశము.

చట్టము ఎవరికి వర్తిస్తుంది?

1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టము కర్మాగారాలు, గనులు, తోటల పరిశ్రమలు, పది మందికి తక్కువ కాకుండా పనిచేసే దుకాణాలు, సంస్థలలోని స్త్రీలకు వేతనముతో కూడిన సెలవు కల్పించినది. 2017 సవరణతో ఆ సెలవు మొదటి ఇద్దరు బిడ్డలకు 12 వారాలనుండి 26 వారాలకు పెరిగినది. ప్రసవానికి ముందు పన్నెండు నెలలలో ఆ సంస్థలో కనీసము 80 రోజులు పనిచేసి ఉండవలెనన్నది నియమము. సామాజిక భద్రతా స్మృతి-2020 కూడా ఈ నిబంధనలనే కొనసాగించినది.

రోజు కూలీలకు ఈ హక్కు లేదనుకొనుట పొరపాటు. ఢిల్లీ నగర పాలక సంస్థలో మస్టరు రోలుపై పనిచేసిన స్త్రీల కేసులో సుప్రీంకోర్టు 2000వ సంవత్సరములో తీర్పు చెబుతూ, దినవేతన కార్మికురాలికి కూడా ప్రసూతి ప్రయోజనము వర్తిస్తుందని స్పష్టము చేసినది. కావున జిన్నింగు మిల్లు, నూలు మిల్లు వంటి కర్మాగారములలో 80 రోజులు పూర్తి చేసిన స్త్రీలు తమ హాజరు, కూలి చెల్లింపుల ఆధారాలను భద్రపరచుకొనుట అవసరము.

అయితే నేడు ఒక రైతు చేలో, రేపు మరొక రైతు చేలో ముఠాతో కలిసి కోతకు వెళ్లే స్త్రీకి యజమాని ఒక్కరు కారు. ఆమె 80 రోజులను లెక్కించే హాజరు పట్టీ ఎక్కడా లేదు. ఆమెకు ఆసరా కాగలిగినది ప్రభుత్వము నేరుగా చెల్లించే సహాయమే.

సహాయము పెరిగిన క్రమము

1995లో జాతీయ ప్రసూతి సహాయ పథకము రూ.300తో ఆరంభమై, ఆ పిదప రూ.500కు పెరిగినది. దాని స్థానములో 2005లో వచ్చిన జననీ సురక్షా యోజన ఆసుపత్రి కాన్పులను ప్రోత్సహించినది. ఈ పథకము కింద ఆంధ్రప్రదేశ్‌లో దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న, లేదా షెడ్యూల్డు కులాలు, తెగలకు చెందిన తల్లులకు గ్రామాలలో రూ.700, పట్టణాలలో రూ.600 నిర్ణయింపబడినవి. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టము గర్భిణికి రూ.6,000కు తక్కువ కాని ప్రసూతి సహాయమును హక్కుగా ప్రకటించినది. ఆ నేపథ్యములో 2017 జనవరి 1 నుండి ప్రధానమంత్రి మాతృ వందన యోజన దేశమంతటా వర్తింపజేయబడినది.

ఈ యోజన ప్రథమ లక్ష్యము కాన్పు ఖర్చు భరించుట కాదు. కోల్పోయిన కూలికి పాక్షిక పరిహారమిచ్చి, కాన్పుకు ముందు, తరువాత తల్లికి విశ్రాంతి కల్పించుట. కాన్పు, శస్త్రచికిత్స, మందులు, పరీక్షలు, రవాణా 2011 జననీ శిశు సురక్షా కార్యక్రమము కింద ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితము. కావున ఈ సొమ్ము తల్లి ఆహారమునకు, విశ్రాంతికి మిగలవలసిన సొమ్ము.

ఎంత, ఎప్పుడు?

2022 ఏప్రిల్ నుండి వర్తించిన నిబంధనల ప్రకారము మొదటి కాన్పుకు రూ.5,000 రెండు విడతలుగా లభిస్తుంది. చివరి ముట్టు తేదీనుండి ఆరు నెలలలోగా గర్భమును నమోదు చేయించుకొని, కనీసము ఒక వైద్య పరీక్ష పూర్తి చేసిన వారికి రూ.3,000 ఇస్తారు. బిడ్డ జననము నమోదై, పద్నాలుగు వారాల వరకు వేయవలసిన తొలి టీకాలు పూర్తయిన పిదప రూ.2,000 ఇస్తారు. రెండవ కాన్పులో ఆడబిడ్డ జన్మించినచో ఒకే విడతగా రూ.6,000 లభిస్తుంది. అయితే బిడ్డ పుట్టిన 270 రోజులలోగా దరఖాస్తు చేయవలెను.

ఆహార భద్రత పరిధిలోని రేషను కార్డు, ఈ-శ్రమ్ కార్డు గలవారు, షెడ్యూల్డు కులాలు, తెగల స్త్రీలు, కుటుంబ వార్షికాదాయము రూ.8 లక్షలకు తక్కువ ఉన్నవారు తదితరులు అర్హులు. సొమ్ము తల్లి పేర ఉన్న, ఆధార్‌తో అనుసంధానమైన ఖాతాలో జమ అవుతుంది. భర్త ఆధార్ తప్పనిసరి కాదు. కావున భర్త మరణించిన, విడిచివెళ్లిన స్త్రీలు వెనుకాడనవసరము లేదు.

ఆలస్యమే నష్టము

దినకూలి రూ.300గా లెక్కించినప్పటికీ రూ.5,000 పదిహేడు రోజుల కూలికి మించదు. ఈ పరిమిత మొత్తమైనా సకాలములో చేతికి అందినప్పుడే ప్రయోజనము. కోతలు ముగిసిన పిమ్మట చూడవచ్చునని నమోదును వాయిదా వేసినచో ఆరు నెలల గడువు దాటిపోవు ప్రమాదమున్నది. మాఘములో మొదలైన కోతలు ముగిసేసరికి వైశాఖము వస్తుంది. గర్భము నిర్ధారణ అయిన వెంటనే ఆశా కార్యకర్తను, ఏ.ఎన్.ఎం.ను లేదా అంగన్‌వాడీ కార్యకర్తను సంప్రదించవలెను. ఆధార్‌లోని పేరు, ఖాతాలోని పేరు ఒక్కటిగా ఉన్నవో లేదో ముందుగానే సరిచూచుకొనవలెను. ప్రతి నెల 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద వైద్య పరీక్షలు ఉచితముగా జరుగుతున్నవి. ఆ ఒక్కరోజు కూలిని వదులుకొనుట ఎంతో మేలు.

కోతల కోసము ఇతర ప్రాంతాలనుండి కుటుంబాలతో వలస వచ్చే స్త్రీలు తల్లీబిడ్డల సంరక్షణ కార్డును వెంట ఉంచుకొనవలెను. ఏ గ్రామములో ఉన్నప్పటికీ పరీక్షలకు, టీకాలకు ఆ కార్డే ఆధారము.

రైతులకు, ముఠా మేస్త్రీలకు సైతము ఇందులో బాధ్యత ఉన్నది. గర్భిణులను పురుగుమందు పిచికారీ చేసిన చేలోనికి పంపరాదు. పరీక్షల దినమున వారికి పని మినహాయించవలెను. మూటలు మోసే పని అప్పగించరాదు. తమ ముఠాలో గర్భిణి ఉన్నట్లు మేస్త్రీ ఆశా కార్యకర్తకు ఒక్క మాట చెప్పినచో, ఆమె పేరు గడువులోగా నమోదు కాగలదు. పంటను ఇంటికి చేర్చిన చేతులకు కొద్ది నెలల విశ్రాంతి కల్పించుట అందరి కర్తవ్యము.