ఆముదం చిక్కదనం కొలిచేదెలా?

షాద్‌నగర్ చుట్టుపక్కల చల్క నేలల్లో ఒకప్పుడు ఆముదం చేలు విరివిగా ఉండేవి. పాత మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాలు ఆ పంటకు పేరుపొందినవి. ఇప్పుడు చాలాచోట్ల పత్తి దాన్ని తోసేసింది. అయినా ఒక ఆముదం సీసా సంపాదించి వంచి చూడండి. నీళ్ళలా గబుక్కున పడదు, తీగలా సాగుతూ దిగుతుంది. ద్రవంలోని పొరలు ఒకదానిమీద ఒకటి జారకుండా అడ్డుపడే ఈ గుణాన్నే స్నిగ్ధత అంటారు. దీన్ని సాంద్రత అనుకొని పొరబడకండి. ఇంత చిక్కని ఆముదమూ నీటిమీద తేలుతుంది కదా!

డిసెంబరు ఉదయం కొన్న ఆముదం చిక్కగా, మే నెల మధ్యాహ్నం కొన్నది పలుచగా కనిపించిందనుకోండి. కల్తీ చేశాడని దుకాణదారుణ్ణి నిందించవచ్చా? పలుచని నూనె కలిపితే స్నిగ్ధత తగ్గే మాట నిజమే. కాని కొలవకుండా తీర్పు చెప్పకూడదు. దేనితో కొలుద్దాం?

కాలేజీ ప్రయోగశాలల్లో ఆస్ట్వాల్డ్ విస్కోమీటరు ఉంటుంది. ఇది 'యు' ఆకారపు గాజు గొట్టం. ఒక భుజంలో వెంట్రుకలాంటి సన్నని నాళిక, దానిపైన చిన్న బుడ్డి, బుడ్డికి పైనా కిందా గీతలు ఉంటాయి. ద్రవం పై గీతనుంచి కింది గీతకు దిగే కాలాన్ని నీటికి పట్టే కాలంతో పోల్చి, సాంద్రతలు కూడా చేర్చి లెక్కకడతారు. నీటివంటి ద్రవాలకు చక్కని సాధనమే. కాని అందులో నీటికి ఒక నిమిషం పడితే, 30 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఆముదానికి సుమారు పది గంటలు పడుతుంది! ఆ తరువాత గొట్టం కడగడం మరో తలనొప్పి.

ఆముదానికి గుండు పద్ధతి మేలు. దీని సూత్రాన్ని స్టోక్స్ 1851లో ప్రకటించాడు. అరలీటరు కొలజాడీలో ఆముదం నింపి, 2 మిల్లీమీటర్ల వ్యాసంగల ఉక్కు గుండును నడిమధ్యన వదలండి. కాస్త దిగేసరికే దాని వేగం నిలకడకు వస్తుంది. అదే చరమవేగం. అందుకే మొదటి గీత నూనె మట్టానికి కొన్ని సెంటీమీటర్ల కింద ఉండాలి. అక్కడినుంచి 15 సెంటీమీటర్లు దిగడానికి 30 డిగ్రీల వద్ద దాదాపు అయిదు సెకన్లు పడుతుంది. ఇదే గుండును నీళ్ళలో వేస్తే కన్ను మూసి తెరిచేలోగా అడుగు చేరుతుంది. సుడులు లేచి సూత్రమే చెల్లదు.

వాడిన ఇంజను ఆయిలు నల్లగా ఉంటుంది, గుండు కనిపించదు. దానికి రెడ్‌వుడ్ పరికరం ఉంది. అడుగున రంధ్రమున్న పాత్రలోంచి 50 మిల్లీలీటర్లు కారడానికి ఎన్ని సెకన్లో చూస్తారు. అంబలి, పెయింటు కలిపినకొద్దీ పలుచనవుతాయి. వాటిలో కడ్డీని తెలిసిన వేగంతో తిప్పి, ఎదురయ్యే నిరోధాన్ని కొలవాలి.

ఏ పరికరమైనా పక్కన థర్మామీటరు లేకపోతే వృథా. ఆముదం స్నిగ్ధత 20 డిగ్రీల వద్ద సుమారు 986 సెంటీపాయిజ్‌లు, 30 వద్ద 451, 40 వద్ద 231. (నీటికి 20 వద్ద ఒక్కటే!) చుక్క కల్తీ లేకున్నా చలికీ ఎండకూ నాలుగు రెట్లు తేడా అన్నమాట. పాపం, దుకాణదారు!

కనుక దుకాణం నూనెనూ, మంచిదని తెలిసిన నూనెనూ రెండు జాడీల్లో పోసి, ఒకే నీళ్ళ బకెట్టులో గంటసేపు నిలపండి. నూనెలోనే థర్మామీటరు ముంచి రెండూ ఒకే వేడిలో ఉన్నాయో లేదో చూడండి. గాలి బుడగలు అంటకుండా గుండ్లను ముందే ఆముదంలో తడిపి, ఒక్కో జాడీలో అయిదేసి వదిలి సగటు తీయండి. అడుగున చేరిన గుండ్లను అయస్కాంతంతో జాడీ గోడవెంట పైకి లాగవచ్చు, నూనె ఒలకబోయనక్కరలేదు.